థర్మోస్టాట్ తీసేయకండి: ఇంజిన్ వేడిని అదుపులో ఉంచుకునే పద్ధతి

విశాఖపట్నంలో కారు వేడెక్కుతోందని గ్యారేజీకి తీసుకువెళ్తే కొన్నిచోట్ల ఇప్పటికీ మొదట వినిపించే సలహా ఒకటుంది: "థర్మోస్టాట్ తీసేద్దాం బాబూ, మన ఎండలకి అదెందుకు?" ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ద్రవం తిరిగే దారిలో, వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు అది. నేనూ ఒక వేసవిలో ఆ మాటకు తల ఊపాను. వేసవి ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది. డిసెంబరులో, తెల్లవారకముందే, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కుతున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టి మసకబారింది. హీటర్ పూర్తిగా తిప్పినా చల్లగాలే వచ్చింది. టెంపరేచర్ ముల్లు అట్టడుగు గీతను వదలలేదు. వెనక సీట్లో మా పిన్ని శాలువా తల మీదికి లాక్కుని కూర్చుంటే, నేను ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ మరో చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఆ మలుపులన్నీ దాటాను. ఆ ఆరు నెలల్లో మైలేజీ ఎందుకు తగ్గిందో కూడా అప్పుడే అర్థమైంది.

కాబట్టి మొదటే చెప్పదలచుకున్నది ఇది. థర్మోస్టాట్ ఇంజిన్ చల్లబడకుండా అడ్డుపడే వస్తువు కాదు. ఇంజిన్ వేడికి కింది హద్దును అది కాపాడుతుంది. పై హద్దును కాపాడే పని రేడియేటర్‌ది, ఫ్యానుది, రేడియేటర్ మూతది. బండి వేడెక్కినప్పుడు చూడవలసింది పై హద్దు కాపలాదారులను. చెడిపోయి మూసుకుపోయిన థర్మోస్టాట్ ఒక్కటే దీనికి మినహాయింపు, దానికి మందు కొత్త థర్మోస్టాట్ బిగించడమే తప్ప ఖాళీగా వదిలేయడం కాదు.

వేడి ఎంత, ఎక్కడికి పోతుంది

పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం కాలగా పుట్టే శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది ఉజ్జాయింపుగా మూడో వంతు. మరో మూడో వంతు సైలెన్సర్ గొట్టం గుండా పొగతోపాటు వెళ్లిపోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం సిలిండర్ గోడల్లోంచి కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ను చల్లబరుస్తూ తిరిగే ద్రవంలోకి, చేరుతుంది. లెక్క వేసి చూస్తే ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు కూలెంట్‌కు చేరే వేడితో 30 డిగ్రీల నీటిని సుమారు 35 లీటర్లు మరిగే స్థాయికి తీసుకురావచ్చు. చిన్న కారులో తిరిగే కూలెంట్ మాత్రం నాలుగు నుంచి ఆరు లీటర్లే. అంటే ఆ కొద్దిపాటి ద్రవం నిమిషానికి ఎన్నోసార్లు తిరిగి, తెచ్చిన వేడిని రేడియేటర్ దగ్గర గాలికి అప్పగించి, మళ్లీ వేడి కోసం వెనక్కు వెళ్తూ ఉండాలి. ఆ తిరుగుడు ఆగితే ఇంజిన్ పైభాగాన్ని మూసే సిలిండర్ హెడ్ వంకరపోవడానికి కొన్ని నిమిషాలు చాలు.

అయితే వేడి తక్కువైనా ఇంజిన్‌కు మంచిది కాదు. చల్లని సిలిండర్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. మంట నుంచి పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనే చెమ్మగా మిగిలి, మంటలోని ఇతర వాయువులతో కలిసి ఆమ్లాలు తయారవుతాయి. చిక్కగా ఉన్న ఆయిల్ పాకవలసిన చోటికి త్వరగా పాకదు. పైగా ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అందుకే చాలా ఇంజిన్లను కూలెంట్ 90 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండేలా రూపొందిస్తారు. ఎండాకాలమైనా, చలికాలమైనా, దొండపర్తిలో ఉన్నా, లంబసింగిలో ఉన్నా ఇంజిన్ కోరుకునే వేడి అదే.

మైనపు గుళిక చేసే పని

థర్మోస్టాట్‌ను విప్పి చేతిలో పెట్టుకుంటే అది అరచేతిలో ఇమిడిపోయే ఒక లోహపు చట్రం. మధ్యలో బొటనవేలంత రాగి లేదా ఇత్తడి గుళిక ఉంటుంది, దాని నిండా ప్రత్యేకమైన మైనం ఉంటుంది. గుళికలోకి దిగిన ఒక సన్నని పుల్ల పై చట్రానికి ఆని ఉంటుంది. మైనం కరిగేటప్పుడు దాని పరిమాణం బాగా పెరుగుతుంది, ఆ ఒత్తిడి పుల్లను బయటికి తోయబోతుంది. పుల్ల కదలడానికి చోటు లేదు కనుక గుళికే కిందికి జరుగుతుంది, దాంతోపాటు గుళికకు అతికించిన పళ్లెం తన కూర్చునే గట్టు నుంచి విడివడి కూలెంట్‌కు దారి ఇస్తుంది. వేడి తగ్గి మైనం గట్టిపడితే స్ప్రింగు పళ్లేన్ని మళ్లీ గట్టుకు నొక్కుతుంది. కరెంటు లేదు, తీగ లేదు. కొన్ని కొత్త ఇంజిన్లలో గుళిక లోపల చిన్న హీటరు పెట్టి, కంప్యూటర్ తనకు కావలసినప్పుడు ముందే తెరిచే ఏర్పాటు ఉంటుంది. అయినా లోపలి మైనం అదే.

గుళిక మీద గానీ చట్రం అంచు మీద గానీ 82 లేదా 88 వంటి అంకె చెక్కి ఉంటుంది. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు పట్టవచ్చు. ఈ తేడాలోనే అది చేసే నియంత్రణ అంతా ఉంది. సమతలమైన రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు పళ్లెం కొద్దిగా మాత్రమే తెరుచుకుని, రేడియేటర్‌లోంచి చల్లని కూలెంట్‌ను కొంచెం కొంచెంగా రానిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మరింత తెరుచుకుంటుంది. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, వేడి పుట్టదు, ఎదురుగాలి మాత్రం జోరుగా ఉంటుంది. అప్పుడు దాదాపు మూసుకుని ఇంజిన్ అతిగా చల్లబడకుండా ఆపుతుంది.

మూసుకున్నప్పుడు కూలెంట్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వాటర్ పంపు తిరుగుతూనే ఉంటుంది, కూలెంట్ రేడియేటర్‌ను తాకకుండా బైపాస్ అనే అడ్డదారిలో ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున రెండో పళ్లెం ఒకటి ఉండి, పెద్ద దారి తెరుచుకుంటున్న కొద్దీ ఈ అడ్డదారిని మూసేస్తుంది. థర్మోస్టాట్ తీసేసే సలహాలోని అసలు లోపం ఇక్కడ తెలుస్తుంది. తీసేసిన చోట అడ్డదారిని మూసేవారు లేరు, అందుచేత వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వెళ్లిపోతుంది. మామూలుగా తిరిగేటప్పుడు చల్లగా ఉన్న బండి, నిండా జనంతో అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు అంతకుముందుకంటే ఎక్కువ వేడెక్కడం ఇలా జరుగుతుంది.

రేడియేటర్, మూత, ఫ్యాను

రేడియేటర్ గురించి చెప్పవలసింది తక్కువే. సన్నని గొట్టాల గుండా కూలెంట్ పారుతుంది, గొట్టాల మధ్య అల్లిన పలుచని లోహపు రేకుల (ఫిన్ల) గుండా గాలి పోతుంది. పాత అంబాసిడర్‌లో ఇది రాగి, ఇత్తడి. ఇప్పటి కార్లలో అల్యూమినియం కోర్‌కు రెండు వైపులా ప్లాస్టిక్ ట్యాంకులు. పాతవాటికి టంకం వేయవచ్చు, కొత్తవాటిలో ట్యాంకు పగిలితే సాధారణంగా మార్చడమే.

మూత సంగతి మాత్రం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. వంటింట్లో కుక్కర్ వెయిట్ ఏం చేస్తుందో రేడియేటర్ మూత అదే చేస్తుంది. మూత మీద 0.9 లేదా 1.1 అని అంకె ఉంటుంది. వ్యవస్థలో ఒత్తిడి అన్ని బార్‌లు (బార్ అంటే ఒత్తిడి కొలత) పెరిగేదాకా అది విడిచిపెట్టదు. 0.9 బార్ ఒత్తిడిలో మామూలు నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు, సగం కూలెంట్ కలిపితే ఇంకా పైకి. మూతలోని రబ్బరు ఎండి, స్ప్రింగు సడలి, ఒత్తిడి నిలవకపోతే సముద్ర మట్టంలో 100 డిగ్రీలకే నీరు మరగడం మొదలవుతుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ తెరిచిన గిన్నెలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూత మంచిదైతే ఆ ఎత్తు వల్ల కోల్పోయేది ఒకటి రెండు డిగ్రీలే. మూత చెడిపోతే, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునే వేడికీ నీరు మరిగే వేడికీ మధ్య దూరమే ఉండదు. ఊళ్లో నిక్షేపంలా నడిచిన బండి గాలికొండ మలుపుల్లో పొగలు కక్కడానికి ఇది చాలాసార్లు కారణం. మూతలో ఇంకో చిన్న వాల్వు కూడా ఉంది. బండి చల్లారి లోపల కూలెంట్ కుంచించుకున్నప్పుడు పక్కనున్న బాటిల్ నుంచి వెనక్కు పీల్చుకోవడానికి అది తెరుచుకుంటుంది. అది బిగుసుకుపోతే రాత్రంతా ఆగిన బండిలో పై హోస్, అంటే రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు గొట్టం, తెల్లవారేసరికి నలిగినట్టు లోపలికి అణిగి ఉంటుంది. మూత ఖరీదు స్వల్పం. అనుమానం వస్తే పరీక్షలకు పోకుండా అదే అంకె ఉన్న కొత్తది కొనడం నా అలవాటు.

బండి జోరుగా పోతున్నప్పుడు ఎదురుగాలి చాలు, ఫ్యానుతో పనిలేదు. ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దగ్గర నత్తనడక నడుస్తున్నప్పుడు, చందనోత్సవం నాడు సింహాచలం చుట్టుపక్కల రోడ్ల మీద ఇరుక్కున్నప్పుడు గాలి అంతా ఫ్యాను లాగవలసిందే. కాబట్టి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు దిగితే ఫ్యానును, దాని రిలేను, ఫ్యూజును చూడాలి. దానికి తలకిందులుగా, ఊళ్లో బాగుండి, ఆనందపురం దాటి వేగం పెంచగానే వేడెక్కితే రేడియేటర్ లోపల గొట్టాలు పూడుకున్నాయేమో, బయట ఫిన్లు మూసుకున్నాయేమో, కింది హోస్ పంపు పీల్పుకు అణిగిపోతోందేమో చూడాలి. ఈ ఒక్క తేడా గమనించి చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

మన ఊరి గాలి

విశాఖలో మే నెలలో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 35 డిగ్రీల అటూఇటూగానే ఉంటుంది. విజయవాడలా తరచుగా 40 దాటదు. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కూ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 95 డిగ్రీల కూలెంట్‌కు 30 డిగ్రీల గాలి తగిలితే తేడా 65, గాలి 40 డిగ్రీలైతే 55. అంటే సామర్థ్యంలో తగ్గేది సుమారు 15 శాతం, అంతే. సరిగా ఉన్న రేడియేటర్‌కు అది భారం కాదు. మనల్ని చంపే ఉక్కపోత కూడా రేడియేటర్‌కు నేరుగా తగలదు, ఎందుకంటే దానికి చెమట పట్టదు, ఆవిరి మీద ఆధారపడి అది చల్లబడదు. కానీ ఏసీకి ఉక్కపోత పెద్ద భారం. గాలిలోని తేమను నీరుగా మార్చడానికి పడ్డ శ్రమంతా వేడిగా మారి, ఏసీ వేడిని వదిలే కండెన్సర్‌లోంచి బయటికి వస్తుంది, ఆ కండెన్సర్ సరిగ్గా రేడియేటర్ ముందే నిలబడి ఉంటుంది. ఆ విధంగా మన ఊరి ఉక్క దొడ్డిదారిన రేడియేటర్‌ను చేరుతుంది.

ఎండకంటే ఇక్కడ భయపడవలసింది ఉప్పుగాలికి. బీచ్ రోడ్డు పక్కన, రుషికొండ, భీమిలి వైపు ఇళ్ల ముందు రాత్రింబవళ్లు నిలిపిన బండ్ల ఫిన్లు కొన్నేళ్లకు వేలితో గీరితే పొడిగా రాలిపోతాయి. పోర్టు వైపు తిరిగే బండ్లకు దుమ్ము తోడవుతుంది. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ ఉన్న వేలెడు సందులో ఈ దుమ్ము, ఎండుటాకులు, పురుగులు చేరి పరుపులా పేరుకుంటాయి, ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు. రెండు మూడు నెలలకొకసారి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మామూలు గొట్టంతో మంచినీటిని ఇంజిన్ వైపు నుంచి బయటికి వచ్చేలా పోయాలి. వాటర్ సర్వీసింగ్‌లో వాడే జోరైన ధారను దగ్గర నుంచి కొడితే ఫిన్లు వంగిపోయి గాలిదారి శాశ్వతంగా మూసుకుంటుంది, ఆ పని చేయనివ్వవద్దు.

చేతితో చేసే పరీక్ష

ఏ పరికరమూ లేకుండా థర్మోస్టాట్ సంగతి చాలావరకు తెలుసుకోవచ్చు. ఉదయం బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు బెల్టుకు దూరంగా ఉంచుకోవాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా. కాబట్టి వేళ్లు దాని దరిదాపులకు పోకూడదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి వేసి ఉంచండి. థర్మోస్టాట్ ఇంజిన్ నుంచి కూలెంట్ బయటికి వచ్చే చోట ఉన్న బండి అయితే, హోస్ చాలా నిమిషాలు చల్లగానే ఉంటుంది. ముల్లు మధ్యకు చేరే సమయానికి ఆ గొట్టంలో చిన్న కదలిక తగులుతుంది, నిమిషం లోపలే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అలా జరిగితే థర్మోస్టాట్ ఆరోగ్యంగా ఉంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషం నుంచీ హోస్ కొద్దికొద్దిగా గోరువెచ్చబడుతూ పోతే అది తెరుచుకునే ఉండిపోయింది, లేదా మీకు చెప్పకుండా ఎవరో ఎప్పుడో తీసేశారు. ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుపోయింది. వెంటనే ఇంజిన్ ఆపండి. థర్మోస్టాట్‌ను కూలెంట్ ఇంజిన్‌లోకి వెళ్లే వైపు అమర్చిన బండ్లూ చాలా ఉన్నాయి. వాటిలో పై హోస్ మొదటి నుంచీ వేడెక్కడం సహజమే, అక్కడ తీర్పు చెప్పేది కింది హోస్. మీ బండిలో ఏ వైపు ఉందో ముందే తెలుసుకోకపోతే మంచి థర్మోస్టాట్‌ను పారేసే ప్రమాదం ఉంది.

డ్యాష్‌బోర్డులోని ముల్లును పూర్తిగా నమ్మవద్దు. చాలా కార్లలో కూలెంట్ ఇంచుమించు 80 నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే నిలిచేలా కంపెనీవారే ఏర్పాటు చేస్తారు, చూసేవారు కంగారు పడకూడదని. అది కదిలిందంటే ఇప్పటికే ఆలస్యమైందని అర్థం. కొన్ని కొత్త కార్లలో ముల్లే లేదు, చల్లగా ఉన్నప్పుడు నీలి దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ఫోనుకు కలుపుకునే చిన్న స్కానర్ ఉంటే కూలెంట్ వేడి డిగ్రీలలోనే కనిపిస్తుంది. అందులో పి0128 అనే కోడ్ వస్తే, చేరవలసిన సమయానికి ఇంజిన్ తగిన వేడికి చేరలేదని అర్థం. సాధారణంగా తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ వల్ల వస్తుంది, కూలెంట్ తగ్గినా రావచ్చు.

ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారినా, సైలెన్సర్ నుంచి బండి వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు వస్తూనే ఉన్నా అది సిలిండర్ హెడ్ కింద సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం. అప్పుడు థర్మోస్టాట్ జోలికి పోయి సమయం వృథా చేయవద్దు.

సత్తు గిన్నెలో పరీక్ష

విప్పిన థర్మోస్టాట్‌నూ, కొత్తగా కొన్నదాన్నీ కూడా బిగించే ముందు నీటిలో పరీక్షించాలి. పెట్టెలోంచి తీసిన కొత్తది తప్పుగా తెరుచుకోవడం అరుదే గానీ, బిగించాక తెలిస్తే కూలెంట్ మళ్లీ దింపాలి. దీనికి వంట గిన్నె వాడకూడదు, కూలెంట్ విషం. మా ఇంట్లో ఈ పనికే పక్కన పెట్టిన సొట్టల సత్తు గిన్నె ఒకటుంది.

చల్లగా ఉన్న థర్మోస్టాట్ పళ్లేన్ని బలంగా నొక్కి కొద్దిగా తెరిచి, ఆ సందులో గట్టి నూలు దారం ఇరికించి వదిలేయండి. స్ప్రింగు దాన్ని పట్టుకుంటుంది. దారం రెండో కొసను గరిటెకు కట్టి, గరిటెను గిన్నె మీద అడ్డంగా పెడితే థర్మోస్టాట్ నీటి మధ్యలో వేలాడుతుంది. అది గిన్నె అడుగును తాకకూడదు, అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది. మళ్లీ వంటకు వాడని థర్మామీటర్‌ను కూడా అడుగు తగలకుండా పక్కనే ఉంచి, మంట సన్నగా పెట్టి, నీటిని నెమ్మదిగా కలుపుతూ ఉండండి. 75 దగ్గర ఏమీ జరగదు. 80 దాటాక కళ్లు తిప్పవద్దు. 82 అంకె ఉన్న మంచి థర్మోస్టాట్ రెండు డిగ్రీల అటూఇటూలో దారాన్ని వదిలేసి టక్కున గిన్నె అడుగున పడుతుంది. ఆ శబ్దమే తెరుచుకున్న క్షణం. నీటిని ఇంకా వేడిచేసి, 95 డిగ్రీల దగ్గర పట్టకారుతో తీసి చూస్తే పళ్లెం గట్టు నుంచి కనీసం ఎనిమిది మిల్లీమీటర్లు విడివడి ఉండాలి. చాలా చిన్న కార్లకు కంపెనీలు చెప్పే కొలత ఇంచుమించు ఇదే. బయట పెట్టి చల్లారనిస్తే కొన్ని నిమిషాల్లో పూర్తిగా మూసుకోవాలి, వెలుతురుకు ఎత్తి చూస్తే సందు కనిపించకూడదు. సగమే తెరుచుకున్నది, వంకరగా మూసుకున్నది, 82 అంకె ఉండి 90 దాటాక గానీ కదలనిది పారేయవలసిందే.

బిగించడం, గాలి తీయడం

బండి రాత్రంతా చల్లారిన తర్వాతే మూత తీయాలి. రేడియేటర్ అడుగున ఉన్న ప్లగ్ విప్పి కూలెంట్‌ను బేసిన్‌లోకి దింపి, థర్మోస్టాట్ ఉండే తొడుగు (హౌసింగ్) బోల్టులు విప్పితే అది బయటికి వస్తుంది. ఎలా కూర్చుందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. గుళిక ఎప్పుడూ ఇంజిన్ వైపే ఉండాలి, వేడి తెలియవలసింది దానికే. తిరగేసి బిగించిన థర్మోస్టాట్ మంచిదైనా సమయానికి తెరుచుకోదు. అంచున చిన్న రంధ్రంలో ఊగుతున్న పిన్ను లాంటిది ఉంటే అది లోపలి గాలి తప్పించుకునే దారి, దాన్ని పైవైపుకు ఉంచాలి. పాత గ్యాస్కెట్ ముక్కలను అల్యూమినియం గీరుకుపోకుండా ప్లాస్టిక్ ముక్కతో తీసి, కొత్త రబ్బరు రింగు వేసి, బోల్టులను ఒకదాని తర్వాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకే బోల్టును చివరిదాకా బిగిస్తే హౌసింగ్ పగులుతుంది. మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) అంకె చాలా చిన్నది, అది చూసి ఆశ్చర్యపోతారు.

ఇక్కడ ఎక్కువమంది తొందరపడి పొరపాటు చేస్తారు. కూలెంట్ నింపి మూత పెట్టేయగానే పని అయిపోయిందనుకుంటారు, లోపల గాలి బుడగ ఒకటి థర్మోస్టాట్ దగ్గర నిలిచిపోతుంది. మైనానికి వేడి గాలి తగిలితే సరిపోదు, వేడి ద్రవం తగలాలి. అందుచేత బండి ముందు భాగం కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, లోపల హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, మూత తీసి ఉంచి ఇంజిన్ నడపండి. పై హోస్‌ను అప్పుడప్పుడు చేతితో పిండుతూ ఉంటే బుడగలు వస్తాయి, మట్టం పడుతుంది, పోస్తూ ఉండాలి. హోస్ చెయ్యి కాల్చేలా వేడెక్కి, థర్మోస్టాట్ తెరుచుకుని, మట్టం ఒక్కసారిగా దిగి మళ్లీ నిలబడ్డాక మూత పెట్టి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపనివ్వండి. రేడియేటర్ మీద మూత లేకుండా బాటిల్ మీదే ఒత్తిడి మూత ఉన్న బండ్లలో గాలి తీయడానికి ప్రత్యేకమైన స్క్రూ ఉండవచ్చు, దాని చోటు మాన్యువల్‌లో చూడండి. మర్నాడు ఉదయం బాటిల్‌లో మట్టం రెండు గీతల మధ్యా ఉందో లేదో చూసి తగ్గితే పోయాలి.

కూలెంట్‌ను, డిస్టిల్డ్ వాటర్‌ను సగం సగం కలపడం మంచి పద్ధతి. మనకు గడ్డకట్టే చలి లేదు కదా, ఉత్త నీళ్లు చాలవా అని అడిగేవారికి జవాబు తుప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా వీధుల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది; ఆ లవణాలు రేడియేటర్ గొట్టాల్లో గారలా కట్టి, అల్యూమినియాన్ని తినేస్తాయి. అలాగని కూలెంట్‌ను చిక్కగా, నీరు కలపకుండా పోయడమూ తప్పే, అందులోని గ్లైకాల్ అనే ద్రవం నీటికంటే తక్కువ వేడిని మోస్తుంది. కలిపి అమ్మే డబ్బాలో మళ్లీ నీళ్లు కలపకండి, డబ్బా మీద రాసి ఉంటుంది. రంగు చూసి రకం నిర్ణయించవద్దు, ఒకే రంగులో వేర్వేరు రకాలు వస్తున్నాయి.

దారిలో ముల్లు పైకి పోతుంటే

శృంగవరపుకోట దాటి ఘాటు మొదలయ్యాక ముల్లు మధ్య గీత దాటిందనుకోండి. మొదట ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి, బ్లోయర్‌ను పూర్తి జోరుకు తిప్పి అద్దాలు దించండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కష్టమైనా కొన్ని నిమిషాలు భరించండి. పై గేరులో ఇంజిన్‌ను ఈడ్చకుండా ఒక గేరు తగ్గిస్తే పంపు త్వరగా తిరుగుతుంది. అప్పటికీ తగ్గకపోతే మలుపులో కాకుండా వెడల్పైన చోట ఆపండి. ఆవిరి లేదు, కారడం లేదు, ముల్లు ఎర్ర గీతకు చేరలేదు అనుకుంటే, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడవనిచ్చి బానెట్ ఎత్తి ఉంచవచ్చు, పంపు, ఫ్యాను పని చేస్తూ ఉంటాయి. ఆవిరి కనిపించినా, ఎర్ర దీపం వెలిగినా వెంటనే ఆపేయాలి.

మూత మీద మాత్రం చెయ్యి వేయవద్దు. లోపలి ద్రవం 110 డిగ్రీల మీద ఉండి కూడా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటుంది, మూత వదిలిన క్షణంలో అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. పై హోస్‌ను చేతితో గట్టిగా పట్టుకుని నొక్కగలిగేంతగా చల్లారే వరకు, కనీసం ముప్పావుగంట, ఆగండి. ఆ తర్వాత గుడ్డ వేసి, మూతను మొదటి మెట్టు వరకు తిప్పి, బుసకొట్టడం ఆగాక పూర్తిగా తీయండి. చల్లటి నీటిని వేడి ఇంజిన్ మీదగానీ లోపలగానీ కుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు. ఇంజిన్ చల్లారాక నీరు కొంచెం కొంచెంగా పోసి, కారుతున్న చోటు కోసం హోస్ క్లిప్పుల దగ్గర, పంపు కింద చూసి, కారడం స్వల్పమైతే మెల్లగా ఊరు చేరుకోండి. అత్యవసరంలో పోసింది మంచినీళ్ల బాటిల్‌లోని నీరైనా సరే, ఇంటికి వచ్చాక దింపి సరైన కూలెంట్ నింపాలి.

దింపిన పాత కూలెంట్‌ను వీధి కాలువలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా వాటి మూత్రపిండాలు పాడై చచ్చిపోతాయి. ఖాళీ డబ్బాలో పోసి, మూత బిగించి, మీ బండి సర్వీసింగ్ చేసే చోట వాడిన ఆయిల్‌తోపాటు తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి. కొత్తది నింపిన తేదీని, థర్మోస్టాట్ మీది అంకెను, మూత మీది అంకెను ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలివైపు అంటించాను నేను. తర్వాత ఏ మెకానిక్ బానెట్ ఎత్తినా మొదట కనిపించేది అదే, చివర ఎర్ర సిరాతో "థర్మోస్టాట్ తీయవద్దు" అని కూడా ఉంది.